సన్నెకల్లు కింది రాయి

ఆ రోజుల్లో ఫిజీలోని రారవాయి చెరుకు తోటల్లో గిర్మిట్ ఒప్పందం మీద కూలికి పనిచేసే మాకు ఆదివారం ఒక్కటే సొంత ఆస్తి. మిగతా వారమంతా సర్దారు కేకలకే చెల్లు. ఆ ఒక్కరోజు మా కూలీ లైనులో కొందరు కుస్తీలు పట్టేవారు, కొందరు యాంగోనా వేరు రసం తాగి మత్తుగా గోడకు ఆనుకునేవారు. నాకు మాత్రం రాళ్ళ పిచ్చి. బా నది ఒడ్డున ఒకసారి బాతుగుడ్డంత ఆకుపచ్చ రాయి దొరికింది, మధ్యలో తెల్లటి గీతతో. దాన్ని అరగదీసి, నున్నగా మెరిపించాలన్న కోరిక పట్టుకుంది. ఎందుకురా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. వారమంతా పరాయి చెరుకు నరికిన చేతులకు తమదంటూ ఒక పని కావాలనిపించిందేమో.

అసలు తంటా అంతా అరగదీసే సాధనం దగ్గరే వచ్చింది. ముందు కత్తులకు పదునుపెట్టే సాన చక్రం మీద పెట్టాను. అది రాయి అంచు కొరికేసింది, సర్దారు నన్ను తరిమేశాడు. సముద్రం నుంచి పగడపు ముక్క తెప్పించాను. రాయి అరగలేదు గానీ పగడం పిండైపోయింది. నది ఒడ్డున ఉండే ఫిజీ మిత్రుడు బల్లపరుపు బండ మీద తడి ఇసుక చల్లి రుద్దమన్నాడు. ఆ పద్ధతి భేషుగ్గా ఉంది. కాకపోతే అక్కడ నన్ను చూసేవాళ్ళెవరూ లేరు.

చివరికి అత్త సన్నెకల్లును ఎంచుకున్నాను. (లైనులో అందరికీ ఆవిడ పెద్దమ్మ. ఆవిడకొక కూతురుందని తెలిసిన రోజు నుంచీ నేను మాత్రం అత్తా అనే పిలిచాను.) ఇత్తడి సామానంతా ఊళ్ళో వదిలేసి, ఆ ఒక్క రాయినీ బట్టల మూటలో చుట్టి ఓడెక్కించిందట. మా తెలుగువాళ్ళందరి పచ్చళ్ళూ దాని మీదే, పెళ్ళిళ్ళలో వధువు కాలు పెట్టి తొక్కేదీ దాన్నే. గట్టిదనీ చదునైనదనీ పొగిడి అనుమతి సంపాదించాను. అది వాళ్ళ గుమ్మం ముందే ఉంటుందన్న సంగతి పైకి చెప్పలేదు. ప్రతి ఆదివారం ఇసుకా నీళ్ళూ పోసి రుద్దేవాణ్ణి. లోపల గాజుల చప్పుడు వినిపిస్తే ఇంకాస్త గట్టిగా రుద్దేవాణ్ణి.

నా రాయి మెరిసింది. అత్తకూ నా మీద మనసు కుదిరింది. పెళ్ళిమాటలకని పక్క తోట నుంచి జహాజీ మామను పిలిపించింది. ఒకే ఓడలో వచ్చినందుకు ఆయన ఆవిడకు అన్న, లైనంతటికీ మామ. ఆ రోజు గారెలకు పప్పు నూరడానికి కూతురు కూర్చుంది. పొత్రం అటు తోస్తే పప్పు ఇటు జారింది. నేను మెరిపించింది ఒక రాయిని కాదు, రెంటిని.

“సముద్రం దాటించి తెచ్చుకున్న రాయిరా ఇది,” అంది అత్త. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళి చేజారిందనే అనుకున్నాను.

జహాజీ మామ రాయిని తడిమి తీరిగ్గా తీర్పు చెప్పాడు. “గంట్లు కొట్టి ఇయ్యి. పప్పు నలిగితే అప్పుడు మాటాడుకుందాం.”

ఉలీ సుత్తీ అరువు తెచ్చి పొద్దువాలే దాకా కొట్టాను. ఒక మూల పెళ్ళ కూడా లేచిపోయింది. ఎక్కడ జారుతోందో చూపించడానికి ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. ఆ పూట నాతో అన్నది ఒకే మాట. “నన్నేటి సూత్తావు బావా, రాయిని సూడు.”

పప్పు నలిగింది. పెళ్ళిలో ఆమె పాదం పట్టి అదే సన్నెకల్లు మీద పెట్టించాను. నా గంట్లు గుచ్చుకుని ఆమె మొహం చిట్లించింది. మూల విరిగిన సన్నెకల్లు నూరుతున్నప్పుడల్లా ఊగుతుంటే, నేను అంత అపురూపంగా చేసుకున్న ఆకుపచ్చ రాయిని తీసి దాని కింద ఎత్తు పెట్టింది. వచ్చినవాళ్ళకు చూపిద్దామన్నా ఆ రాయి మళ్ళీ నా చేతికి రాలేదు. కాపురమంతా దాని మీద పోట్లాడుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆమె లేదు, అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. మొన్న కూర్చుని ఆ రాయిని బయటికి లాగాను. తుడిస్తే తెల్లగీత ఇంకా మెరుస్తోంది. సన్నెకల్లు ఒక పక్కకు ఒరిగింది. కాసేపు చూసి, నవ్వొచ్చి, ఆమె పెట్టినచోటే మళ్ళీ పెట్టేశాను.