ఒక్క బటన్ యాప్

వేసవిలో మార్కాపురం దగ్గర మా ఊరికి ట్యాంకరు నీళ్లే దిక్కు. రిటైరయ్యాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ట్యాంకరు పిలిచే యాప్ తయారుచేశాను. ఒకే బటన్, నొక్కితే ట్యాంకరు ఇంటికొస్తుంది. దానికోసం హైదరాబాదు కంపెనీలు నా వెంటపడ్డాయి. సరే, పడలేదు, మా అల్లుడొక్కడే బాగుందన్నాడు. నొక్కాక “నీళ్లు నిజంగా కావాలా?” అనే ప్రశ్న ఉంటే యాప్ అందం చెడుతుందని తీసేశాను.

ఒకరోజు ఇంటికొచ్చిన చుట్టాల ముందు గొప్పగా బటన్ నొక్కి నొక్కి చూపించాను. నొక్కిన ప్రతిసారీ ఒక ఆర్డరు వెళ్లిందని, ఊరి ట్యాంకర్లన్నీ మా గుమ్మం ముందు వరుస కట్టాకగానీ తెలియలేదు. వాటి వెనకే పక్కవీధి మరియమ్మ పరుగెత్తుకొచ్చింది.

“ఏంది మామా, నీ ఇంటికాడ తిరునాళ్లా? నా బిడ్డ పెండ్లి! మగపెండ్లోళ్లు వచ్చినారు, ఎసరుకు చుక్క నీళ్లు లేవు. నా ట్యాంకరు గూడా ఈడనే ఉందే!”

“నెట్టు తిక్క చేసిందమ్మా” అన్నాను.

వెంటనే ట్యాంకర్లను అటు పంపించాను. అయినా పెళ్లివారు పొద్దువాలేదాకా ఆకలితో కూర్చున్నారు; మరియమ్మ అందరి చేతా మాటలు పడింది. సాయంత్రం తనే నాకు పెళ్లి అన్నం తెచ్చింది.

“నెట్టు చేసినదానికి నువ్వేం జేస్తావులే మామా, తిను.”

తీసేసిన ఆ ప్రశ్నను మర్నాడే యాప్‌లో పెట్టేశాను. మరియమ్మ ఈ పత్రికలో పాఠకులు రాసే ఈ పేజీ వదలకుండా చదువుతుంది. ముఖం చూసి చెప్పలేక ఇక్కడ చెప్తున్నానమ్మా: నొక్కింది నేనే.