చికెన్ దుకాణంలో దొరికిన జవాబు

బుద్ధెరిగాక మాంసం ముట్టని దాన్ని, పీహెచ్‌డీ కోసం మూడేళ్ళపాటు వారానికోసారి మౌలాలిలోని ఒక చికెన్ దుకాణం ముందు నిలబడ్డాను. కాప్రాలోని మా ఇంటి నుంచి సికింద్రాబాద్‌లోని ల్యాబ్‌కు అదే దారి. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునేదాన్ని. దుకాణమాయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. రొమ్ము కండ కోసిన వెంటనే నేనిచ్చిన మంచు డబ్బాలో పెట్టి, "ఉరుకున్రి మేడం, బస్సొస్తున్నది" అనేవాడు.

ఆ కండ నుంచి ఆక్టిన్ తీసేదాన్ని. కణం ఆకారం నిలబెట్టడానికి లోపల ప్రోటీన్ దారాల అల్లిక ఉంటుంది. ఆక్టిన్ ఆ దారాల్లో ఒక రకం. చక్కెరను విరిచి శక్తి తీసే ఎంజైములేమో కణంలోని నీళ్ళలో ఊరికే తేలుతున్నట్టు పుస్తకాల్లో బొమ్మలు వేస్తారు. నిజానికి వాటిలో కొన్ని ఆ దారాలను పట్టుకుని ఉంటాయి. భోజనాల పందిరి పక్కనే పొయ్యి పెట్టుకున్నట్టు. ఆల్డొలేజ్ అనే ఎంజైముకు ఆక్టిన్ మీద ఉన్న ఆ పట్టును చూపించడమే నా పని. రెండూ కలిపి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే దారాలు అడుక్కు దిగుతాయి. ఆల్డొలేజ్ వాటిని పట్టుకుంటే అదీ వెంట రావాలి.

రాలేదు. ఐదు నెలలపాటు పైనీళ్ళలోనే ఉండిపోయింది. సెంట్రిఫ్యూజ్‌ని తిట్టాను, ఏసీని తిట్టాను, చివరికి కోళ్ళను కూడా తిట్టాను. "ఈ నెలాఖరుకు రాకపోతే ఈ అధ్యాయం వదిలేద్దాం" అన్నారు మా గైడ్. అది పోతే నా థీసిస్‌లో మిగిలేది ముందుమాటే.

ఆ శనివారం దుకాణానికి వెళ్ళి ఆయన మీద విరుచుకుపడ్డాను. "అన్నా, నిజం చెప్పు. నాకు గానీ నిన్నటి కోడి ఇస్తున్నావా?"

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "మీ ముంగటే కోస్తున్న గద మేడం. గింత పరేషాన్ ఎందుకు? జెర కూసోన్రి" అని స్టూలు జరిపాడు. సిగ్గేసింది. కూర్చున్నాను.

అంతలో ఒకావిడ వచ్చి, కూర నీచువాసన వేస్తోందని, పిల్లలు ముట్టడం లేదని గొణిగింది.

"ఉత్త నీళ్ళకు పోదక్కా" అన్నాడాయన. "ఉప్పు నీళ్ళల్ల అరగంట నానేయున్రి. పట్టుకొనున్న నెత్తురంత ఇడుస్తది."

నేను చటుక్కున లేచాను. మా ల్యాబ్‌లో ప్రోటీన్లు కలిపే ద్రావణం సీసా మీద ఎప్పటి సీనియరో అతికించిన చీటీ ఉంది. అందులో రాసినంత ఉప్పూ కళ్ళు మూసుకుని వేస్తూ వచ్చాను. ఆల్డొలేజ్ పట్టు సున్నితం. ఉప్పు ఎక్కువైతే జారిపోతుంది. ఈ సంగతి నేను చదివిన పేపర్లలోనే ఉంది. కింద గీత కూడా గీసుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

సోమవారం దారాలు విడిపోకుండా ఉండేంత ఉప్పు మాత్రం ఉంచి, మిగతాది తగ్గించి తిప్పాను. అడుగున దిగినదాన్ని తీసి పరీక్షకు పెడితే, మీటరులో అంకెలు కదలడం మొదలైంది. ఆల్డొలేజ్ అక్కడ పనిచేస్తోంది. ఆక్టిన్ కలపని గొట్టంలో మాత్రం అడుగున ఏమీ లేదు. ఏడుపొచ్చింది. మళ్ళీ మళ్ళీ చేసి చూశాను, ప్రతిసారీ వచ్చింది.

థీసిస్‌లో కృతజ్ఞతలు రాయడానికి కూర్చుంటే గైడ్ పేరు, ల్యాబ్ వాళ్ళ పేర్లు చకచకా వచ్చేశాయి. దుకాణమాయన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. మూడేళ్ళలో ఒక్కసారైనా పేరడగలేదు. కసరడానికి పేరు అక్కర్లేదు కదా.

మర్నాడు చున్నీ అడ్డం పెట్టుకోకుండా వెళ్ళి అడిగాను. ఎందుకో చెప్పాక ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత చేతులు తుడుచుకుని, తన పేరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పాడు. నేను రాసుకున్నది ఒకసారి చూపించమన్నాడు. "నువ్వు లేకపోతే నా చదువు పూర్తయ్యేది కాదన్నా" అన్నాను.

"మంచిగున్నది మేడం. గానీ నేను చెప్పింది ఒక్క మాటే. పాణమిచ్చినయి కోళ్ళు గద. వాటికి సుత ఒక లైన్ రాయున్రి."

రాశాను. నా తప్పును వాటి మీదికి కూడా నెట్టినందుకు క్షమాపణ కూడా ఆ లైన్‌లోనే కలిపాను.