డేనియల్ మూడుసార్లు కట్టిన క్వార్టర్

డేనియల్ ఫోన్ ఆటలు తయారుచేస్తాడు గానీ ఆడడు. వంటవాడు తన చేతి కూర తనే తినకపోతే మనకెంత అనుమానమో, ఛత్తీస్‌గఢ్‌లో, తెలీబంధాలోని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి అతని మీద అంత అనుమానం. నాకూ ఉండేది. నేను బొమ్మలు గీస్తాను, అతను వాటిని ఫోన్లో నడిపిస్తాడు. పక్కపక్క కుర్చీల్లో ఆరేళ్ళు కూర్చున్నాక ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను.

అతను మామూలు గొంతుతోనే చెప్పాడు. నాన్న జోసెఫ్ గారు బాపట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వేలో ఫిట్టరుగా చేరారు. అమ్మ రూతమ్మ గారు రైల్వే ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ క్వార్టర్ పెరటి తలుపు తీస్తే ఒక జామచెట్టు, దాని అవతల ఖాళీ వ్యాగన్లను అటూ ఇటూ జరిపే పట్టాలు. 2004లో డేనియల్‌కి పదకొండేళ్ళు, చెల్లెలు గ్లోరీకి నాలుగు. ఆ పొద్దున పెరటి తలుపుకి గడియ పెట్టమని అమ్మ చెప్పింది. అతను నాన్న ఫోన్లో పాము ఆట ఆడుతున్నాడు. గడియ పెట్టాడో లేదో అతనికి గుర్తులేదు. పిల్ల ఆ తలుపులోంచే వెళ్ళి వ్యాగన్ కింద పడింది.

"నాన్న చచ్చేట్టు కొట్టాడు. అమ్మ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు," అన్నాడు.

2023 వానాకాలంలో మా యజమాని తరుణ్ అతనికొక పని అప్పజెప్పాడు. ఇకమీదట మా ఆటలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేయాలి. యూనిటీ, అన్‌రియల్, గోడో, ఈ మూడింటినీ పోల్చి ఏది మేలో ఫలానా సోమవారానికి రాసివ్వాలి. యూనిటీలో మనకి ఏ చిక్కు వచ్చినా, ముందే ఆ చిక్కులో పడి లేచినవాడెవడో ఇంటర్నెట్‌లో జవాబు రాసిపెట్టి ఉంటాడు. అన్‌రియల్‌లో వెలుగునీడలు కళ్ళు తిప్పుకోనివ్వవు, కాకపోతే అది కొంచెం బరువు. గోడో చిన్నది, తేలిక. ఈ సంగతి మాకందరికీ తెలుసు. డేనియల్‌కి మాత్రం చేసి చూస్తే తప్ప నమ్మకం కుదరదు.

పోలిక న్యాయంగా ఉండాలంటే మూడింట్లోనూ ఒకే ఇల్లు కట్టి, ఒకే మనిషిని నడిపించాలి. కొలతలు వెతుక్కునే పని లేకుండా అతను తనకి బాగా తెలిసిన ఇల్లు తీసుకున్నాడు. ఎప్పుడో కూల్చేసిన ఆ క్వార్టరే. నన్ను పసుపు గౌను వేసుకున్న నాలుగేళ్ళ పిల్లను గీసిమ్మన్నాడు. అది ఎవరి బొమ్మో నాకు తెలుసు. అయినా వద్దనలేకపోయాను.

మొదటి ఇల్లు లేచింది. పిల్ల గదుల్లో తిరిగింది, వంటగదిలోకి వెళ్ళింది. పెరటి తలుపు దగ్గర మాత్రం ఆగిపోయింది. తలుపు బార్లా తెరిచే ఉంది, అవతల తెల్లటి వెలుగు. పిల్ల కాళ్ళు ఆడుతున్నాయి గానీ మనిషి కదలడం లేదు. నడక చప్పుడు టపటపమని వస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా ఉందన్నాడు డేనియల్. రెండో దాంట్లో కట్టాడు. అక్కడా అంతే. మూడో దాంట్లోనూ పిల్ల ఆ గుమ్మం ముందే నిలబడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. మూడు మద్దెలలూ ఓటివేనా నాయనా?" అన్నాను. నా నోటికి తాళం లేదు. అతను నవ్వలేదు. ఆ సాయంత్రం తెలీబంధా చెరువు చుట్టూ నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే నాకు ఆ టపటపలా వినిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, భయమేసింది.

డేనియల్‌కి ఒక ఆనవాయితీ ఉంది. ఏ ఆటైనా ముందు వాళ్ళమ్మ పాత ఫోన్లో ఆడాలి. అమ్మ ఫోన్లో నడిస్తే ఛత్తీస్‌గఢ్‌లో ఏ ఫోన్లోనైనా నడుస్తుందంటాడు. గడువుకి ముందు ఆదివారం, వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకి నేనూ దేవేంద్ర నగర్‌లోని వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. రూతమ్మ గారు చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ అందుకున్నారు.

ఆమె ఆ ఇంటిని వెంటనే గుర్తుపట్టారు. పిల్లను వంటగదిలోకి నడిపించారు. గుమ్మం దగ్గర ఆ చప్పుడు మొదలైంది.

"పోదేంట్రా?" అన్నారు.

"మూడింట్లోనూ ఇంతేనమ్మా. ఎందుకో, పతా నహీ."

నేను అతని లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. ఈ ఆటల్లో గోడంటే ఉత్త బొమ్మ. మనిషి అందులోంచి దూరిపోకుండా మనమే దాని వెంబడి కనిపించని గీత గీసుకుంటూ పోవాలి, తలుపులున్న చోట సందు వదలాలి. డేనియల్ వీధి తలుపుకి వదిలాడు, వంటగదికి వదిలాడు. పెరటి తలుపుకి వదల్లేదు. మూడు వేర్వేరు రోజుల్లో కట్టిన మూడు ఇళ్ళల్లోనూ అంతే. చూపించాను. అతను తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేను మూసినట్టు నాకు తెలీదు బిందూ," అన్నాడు.

రూతమ్మ గారు ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. లోపల పిల్ల ఇంకా నడుస్తూనే ఉంది.

"ఆ రోజు కూడా మూశావురా," అన్నారు. "గడియ పెట్టే ఉంది. తీసింది నేను. నైట్ డ్యూటీ చేసి వచ్చి అన్నం వార్చాను. గంజి పారబోద్దామని తలుపు తీశాను. మళ్ళీ గడియ పెట్టలేదు. వచ్చి పడుకున్నాను."

డేనియల్ ఆమె వైపు తిరగలేదు.

"మీ నాన్న నిన్ను కొడుతుంటే చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను. ఆ తర్వాత నీకు చెప్పడానికి భయమేసింది."

"పంతొమ్మిదేళ్ళమ్మా," అన్నాడు అతను. ఆ తల్లి మీద నాకు కోపం వచ్చింది. ఆమె ముఖం చూశాక ఆ కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు.

డేనియల్ లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. తలుపు దగ్గర గీత చెరిపేసి, ఫోన్లోకి మళ్ళీ ఎక్కించి అమ్మ చేతికిచ్చాడు. ఆమె పిల్లను నడిపించారు. పిల్ల గడప దాటింది, దాటగానే కిందికి జారిపోయింది. పసుపు చుక్కయి ఆ తెల్లటి వెలుగులో పడుతూనే ఉంది. ఇంటి అవతల అతను ఏమీ కట్టలేదు.

"నేల లేదేంట్రా?" అన్నారామె.

"వెయ్యలేదమ్మా."

"వెయ్యి."

"ఎందాకా?"

"జామచెట్టు దాకా. పట్టాలు వెయ్యకు."

గోడోలో కట్టిన ఇంటికి వేశాడు. ఆ ఫోన్లో అన్నిటికంటే తేలిగ్గా నడిచింది అదే. మర్నాడు తరుణ్‌కి రాసిచ్చింది కూడా అదే. నేల వేసి, చెట్టు నాటేసరికి పొయ్యి మీద పులుసు అడుగంటింది. ఎవరూ లేచి దించలేదు. రూతమ్మ గారు ఫోన్ కోసం చెయ్యి చాపారు. డేనియల్ ఇవ్వలేదు. తనే బొటనవేలు తెర మీద ఆనించి పిల్లను నడిపించాడు. పిల్ల గడప దాటి, మట్టి మీద టపటపమంటూ జామచెట్టు దాకా వెళ్ళింది. అక్కడ అతను వేలు తీశాడు. చప్పుడు ఆగింది.