పెద్దమ్మ పింఛను విచారణ

ఒక్కచోట కాలు నిలవని వయసు నాది. చిల్లకల్లు బడిలో పంతులుగా చేరి మూడేళ్ళయింది. జగ్గయ్యపేట గ్రంథాలయంలో స్వీడన్ దేశం గురించిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ముసలివాళ్ళకు పింఛను మొదలుపెట్టిన కొత్తలో అక్కడా ఎవరెంత పేదవాళ్ళో ఆరా తీసేవారట. తరవాత ఆ గొడవంతా ఎందుకని, వయసు వస్తే చాలు, అందరికీ ఇచ్చేశారట. అది చదివిన దగ్గర్నుంచీ నాకు స్థిమితం లేదు.

మన దగ్గరా అప్పుడే వృద్ధాప్య పింఛను వచ్చింది. అయితే నా అన్నవాళ్ళు లేనివాళ్ళకే ఇస్తారు. నేను అద్దెకున్న ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆవిడకు భర్త పోయాడు, పిల్లలు లేరు. మిరపకోతకు వెళదామంటే చూపు ఆనడం లేదు. నేను తెచ్చిన గింజలు నాకు వండి పెట్టి, తనూ అవే తినేది. నేను బదిలీ అయి వెళ్ళిపోతే ఆవిడ గతేమిటి? దరఖాస్తు నేనే రాశాను. నందిగామ తాలూకా కచేరీ చుట్టూ నేనే తిరిగాను.

"ఫైలు నడుస్తోంది మాస్టారూ," అనేవాడు గుమాస్తా. నడుస్తున్నది నేను గానీ ఫైలు కాదు. ఒళ్ళు మండిపోయేది.

చివరికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పొద్దున పెద్దమ్మకు చెప్పాను, "నాకెవరూ లేరండి అను, చాలు," అని.

"వాకిట్లో నిలబడి ఆ మాట అనగూడదు నాయనా. ఉన్నవాళ్ళకి కీడు."

"ఉన్నవాళ్ళెవరు నీకు?" అని కసిరాను.

ఇన్‌స్పెక్టరు అరుగు మీద కూర్చుని కాగితం తీశాడు. "నిన్ను చూసుకునేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఎందుకు లేరు బాబూ. వీడు నా కొడుకు."

ఇన్‌స్పెక్టరు కలం ఆపి నా వైపు చూశాడు. "నిజమేనా మాస్టారూ?"

ఇన్నాళ్ళ తిరుగుడంతా ఒక్క మాటతో గంగలో కలిపేసిందని కోపం ముంచుకొచ్చింది. చెయ్యి విడిపించుకున్నాను. "కాదండి. అద్దెకుంటున్నానంతే. ఈవిడకు నేనేమీ కానండి."

అదే మాట కాగితం మీద రాయించి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

రెండు నెలలకు పింఛను మంజూరైంది. కానీ సంతకం పెట్టిన ఆ మధ్యాహ్నమే, రోజూ వంటింట్లో తన పక్కన పెట్టే అన్నం, పెద్దమ్మ వసారాలో పీట వేసి, విస్తరి పరిచి వడ్డించింది. తను గుమ్మం దగ్గరే నిలబడింది.

"కూర ఎట్లా ఉందండీ?" అని అడిగింది.