రంగు దిగదని నేనన్న మాట

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పెయింట్ దుకాణానికి పడవల రంగు కోసం వచ్చినవాడు ఒక్కడే. కోస్తాలో, ఏరు సముద్రంలో కలిసే ఒక ఏటిమొగ దగ్గర అతనికి రెండు పడవలుండేవి. ఎల్‌బీ నగర్‌లో ఉన్న కూతురిని చూడటానికి వచ్చినప్పుడల్లా నా దగ్గర నాలుగు డబ్బాలు కొని బస్సు డిక్కీలో వేసుకుపోయేవాడు. ఆ రంగు పూస్తే పడవ అడుగున నాచు, గుల్లలు పట్టవు.

మొదటిసారే అడిగాడు. "ఏవండీ, పాత రంగు ఒడ్డునే గీకేసి కొత్తది పూస్తాం. ఆ పక్కనే మా ఆడోళ్లు కూరకి గుల్లలేరుకుంటారు. ఏం కాదుగదా?"

మాది పోచంపల్లి దిక్కు నేత కుటుంబం. దిగని రంగే మంచి రంగని చీర కొనేవాళ్లకు చెబుతూ పెరిగాను. ఆలోచించకుండా అదే అనేశాను. "ఫికర్ చెయ్యకన్నా. బొట్టంత రంగు దిగదు. దిగితే నా మీసం తీసెయ్."

నున్నటి నా మూతి చూసి, "ఉంటే గదండీ తియ్యడానికి!" అని నవ్వాడు.

అతను వెళ్లాక డబ్బా మీది చిన్న అక్షరాలు చదివాను. ఆ రంగు పనిచేసేదే కొద్దికొద్దిగా నీళ్లలోకి విషం వదులుతూ. గీకిన పొడి నీళ్లలో పడనివ్వొద్దని కూడా ఉంది. ఫోన్ చెయ్యలేదు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. చెప్పకుండానే అమ్మాను.

నాలుగోసారి ఉత్త చేతులతో నిలబడ్డాడు. "మొగలో గుల్లలు చచ్చిపోతన్నాయండి. ఊరంతా నా పడవలే కారణమంటన్నారు. ఏం కాదని కొట్టాయన చెప్పాడంటే నమ్మట్లేదు. ఒక్కసారొచ్చి ఆ మాట మీరే చెప్పండి."

"దుకాణం ఎవలు చూస్తరన్నా? సముద్రం సంగతి నాకేమెరుక? రొయ్యల చెరువుల మందులు కావచ్చు."

"మీ మాట మీదే గదండీ పూసింది," అన్నాడు. మళ్లీ రాలేదు.

అతని పడవలను ఊరివాళ్లు మొగలోకి రానివ్వడం లేదని ఈమధ్య అటునుంచి వచ్చిన ఒకాయన చెబితే తెలిసింది. గుల్లలు దేనివల్ల చచ్చాయో నేను తేల్చలేను. కానీ అతను ముందే అడిగాడు. ఏం కాదన్నది నేను. తెలిశాక దాచిందీ నేనే. అంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఎల్‌బీ నగర్‌లో అతని కూతురి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఆమెకు ఇచ్చాను.

ఆమె గడపలోనే నిలబడి చదివింది. "మా నాన్నకి చదువు రాదండీ. మీరే వినిపించండి," అంటూ ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"చెప్పమ్మా," అన్నాడు అట్నుంచి.

నేను చదవడం మొదలుపెట్టాను.