లక్షా ఒక్క వత్తి

అమలాపురంలో డిగ్రీ లెక్కలు వెలగబెడుతున్న ఆ రోజుల్లో, కనిపించిన ప్రతి అంకెనీ భాగించి చూసే జబ్బు నాకుండేది. బస్సు నంబరైనా, టికెట్టు నంబరైనా దేనితో తెగుతుందో తేలందే ప్రాణం ఊరుకునేది కాదు. (దీనివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే, ఒకే ఒక్కసారి జరిగింది. అదే చెబుతున్నాను.)

ఓ కార్తీకంలో మా దొడ్డమ్మ లక్షవత్తుల నోము పట్టింది. లక్ష వత్తులూ ఒక్కరే చెయ్యలేరు గనక ఆవిడా నేనూ ఇరుగుపొరుగు ఆడవాళ్లూ కలిసి పదిమందిమి చాపలు పరుచుకుని పత్తి ముందేసుకున్నాం. పుణ్యం సమంగా పంచాలి గనక ఎవరూ ఎక్కువా తక్కువా చెయ్యకూడదని దొడ్డమ్మ నియమం. తలా పదివేలు. అంతలో పత్తిసంచితో మా పిన్ని వచ్చింది. దొడ్డమ్మకి తోడికోడలు, పక్కిల్లే. కంచె మీదికి వాలిన కొబ్బరిచెట్టు కాయలు ఎవరివన్న తగాదాతో ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. గుమ్మం బయటే నిలబడి, "నేనూ చేస్తానక్కయ్యగారండీ" అంది. తనంతట తాను రావడం అదే మొదలు. వెనక్కి పంపేస్తే ఇక జన్మలో రాదని అందరికీ తెలుసు.

దొడ్డమ్మ తలెత్తలేదు. "పదకొండుమందికి లక్ష సమంగా రాదమ్మా. తలా తొమ్మిదివేల తొంభై చేస్తే పది మిగిలిపోతాయి. కావలిస్తే మా లెక్కల పంతులమ్మని అడుగు."

దురదృష్టవశాత్తూ అది నిజం. లక్షని ఎన్ని ముక్కలు చేసినా రెళ్లూ అయిదులూ తప్ప ఏమీ రాలవు. పదకొండుకి అందులో చోటు లేదు. పిన్ని అప్పటికే వెనుదిరిగింది. నాకు ఒళ్లు మండింది. మనిషిని గుమ్మంలోంచి పంపెయ్యడానికి నా లెక్కలే దొరికాయా?

"దొడ్డమ్మా, పెళ్లి చదివింపుల్లో ఉత్త వందే ఇస్తావా?"

"సున్నాతో ఎవరిస్తారే? పైన ఓ రూపాయి వెయ్యద్దూ?"

"మనుషులకి పనికిరాని సున్నాలు దేవుడికి అయిదు పెడతావా? ఆయనకీ పైన ఒకటి వెయ్యి."

నేలమీద సుద్దతో లక్షా ఒకటి రాశాను. అంకెల్ని ఒకటి విడిచి ఒకటి తీసుకుని రెండు జట్లు చేస్తే, ఇటు కూడినా ఒకటే, అటు కూడినా ఒకటే. అలా సమానంగా వచ్చిందంటే ఆ సంఖ్య పదకొండుతో తెగి తీరుతుంది. "తలా తొమ్మిదివేల తొంభై ఒకటి" అన్నాను.

నా మాట నమ్మితే ఆవిడ దొడ్డమ్మ ఎందుకవుతుంది? నోటితోనే గుణించింది. "పదింతలు తొంభైవేల తొమ్మిదొందల పది... దానికి ఇంకో తొమ్మిదివేల తొంభై ఒకటి..." అని ఆగిపోయింది.

"ఆయ్, సరిపోయిందండీ" అంది ఎదురింటావిడ, ఎవరూ అడక్కుండానే.

దొడ్డమ్మ చాపమీద ఓ పక్కకి జరిగింది. "ఎంతసేపు నిలబడతావు, రా" అంది, పిన్ని మొహంకేసి చూడకుండా.

తర్వాత పట్టా చేతికొచ్చినప్పుడు కూడా నేనంత పొంగిపోలేదు. సాయంత్రానికల్లా తోడికోడళ్లిద్దరూ భుజాలు రాసుకుంటూ కూర్చుని నా వత్తుల మీద పడ్డారు. "ఇవి వత్తులా, కాగడాలా?" అని ఒకరు. "ఈ పిల్ల ఏ అత్తగారి నొసట రాసిపెట్టి ఉందోనండీ" అని ఇంకొకరు. ఇప్పుడైతే ఒక్క మాటకి నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ కాగడాలే చేసుకుంటూ కూర్చున్నాను. అంత హాయిగా చివాట్లు తిన్నది మళ్లీ లేదు.