రంగు రాని చాయ్

పోయిన నెలలో మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి వస్తూ అరచేతిలో ఇమిడేంత రేకు డబ్బా ఒకటి తెచ్చింది. అక్కడేదో పెద్ద హోటల్లో రకరకాల చాయ్‌లు తయారుచేసి పోసే ఉద్యోగం దానిది. చాయ్‌పత్తీ అమ్ముకుని బతికిన కుటుంబంలో పుట్టిన పిల్ల మళ్ళీ చాయ్‌తోనే బతుకుతోందని నాకు లోపల కాస్త గర్వమే, పైకి మాత్రం ఏదో ఒకటి అంటూనే ఉంటాను. మూత తీసి చూస్తే లోపల ఆకూ కాదు, పొడీ కాదు, తెల్లటి నూగు కప్పుకున్న సన్నని మొగ్గలు. చైనా వాళ్ళ తెల్ల చాయ్ అట. మరిగించకూడదట, పాలు పోయకూడదట, చక్కెర వేయకూడదట. ఇన్ని వద్దన్నాక ఇక తాగడం మాత్రం దేనికే అన్నాను. పిల్ల నవ్వింది. నా పక్కన కూర్చున్న భాభీ నవ్వలేదు. ఒక మొగ్గను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

భాభీ అంటే మా అన్నయ్య భార్య. కొత్తగూడెంలోని ఈ పాత ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది మేమిద్దరమే. బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాక, మా ఆయన కూడా పోయాక, నేను ఇక్కడికి వచ్చి చేరాను. ఆవిడ మాత్రం కోడలిగా వచ్చిన నాటి నుంచి ఈ గడప విడిచి వెళ్ళలేదు.

మా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చాయ్‌పత్తీని న్యూస్‌పేపరు పొట్లాల్లో కట్టి, పురికొస చుట్టి ఇచ్చేవారు. గనికి వెళ్ళే దారిలో మా నాన్న, మేం అబ్బా అనేవాళ్ళం, ఆయన దుకాణం ఉండేది. షిఫ్టు దిగి, కనురెప్పల మీద బొగ్గుపొడి అలాగే ఉండగా వచ్చే కార్మికులకు చాయ్ అంటే నాలుక మీద గట్టిగా తగలాలి, లేకపోతే మర్నాడు పొట్లం తిరిగొచ్చేది. అందుకని కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక పరీక్ష జరిగేది. గాజుగ్లాసులో చిటికెడు పొడి వేసి, వేడినీళ్ళు పోసి, పైన సాసరు మూతపెట్టి, కాసేపాగి అబ్బా ఆ గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టేవారు. ఎర్రగా రంగు దిగితే సరుకు మంచిది, లేకపోతే వాపసు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ రంగే తెలిసేది.

అన్నయ్యకు ఈ పద్ధతి నచ్చేది కాదు. రంగుల ఏమున్నది అబ్బా, మూత కింద వాసన జూడు, అనేవాడు. సాసరును ఒక పక్కగా కొద్దిగా లేపి, ఆ ఆవిరి ముందు భాభీకి పట్టి, తర్వాతే తను పీల్చేవాడు. కొత్తగా పెళ్ళయిన రోజులవి, అమ్మీ చూడనట్టు నటించేది, నేను గుడ్లప్పగించి చూసి తిట్లు తినేదాన్ని. సరుకు పరీక్ష పేరుతో ఆ ఇద్దరూ ఎంత సరసమాడుకున్నారో అప్పుడు నాకు తెలియలేదు గాని, ఆ కిటికీ దగ్గర నిలబడి వాళ్ళు నవ్వుకున్న నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

భద్రాచలం వైపు అడవి పల్లెల సంతలకు పొట్లాలు తీసుకుపోయేది అన్నయ్యే. ఎండాకాలంలో వెళ్తే తిరిగి వచ్చేటప్పుడు సంచీల నిండా ఎండబెట్టిన ఇప్పపూలు తెచ్చేవాడు. ఆ వాసన సంచీలకే కాదు, అతని చొక్కాలకూ పట్టేది. ఎండిన గడ్డిలో ఎక్కడో తేనె ఒలికినట్టు ఉండేది. రెండు ఉతుకులకు కూడా పోవడం లేదని భాభీ విసుక్కునేది, మళ్ళీ ఆ చొక్కానే మొహానికి అద్దుకునేది.

ఒక వానాకాలం, గోదావరి అవతలి ఒడ్డున సంతకని వెళ్ళిన అన్నయ్య తిరిగి రాలేదు. నాటుపడవ మునిగిందని కొందరు చెప్పారు. అసలతను ఆ పడవ ఎక్కనేలేదని ఒకాయన ఒట్టేసి చెప్పాడు. అబ్బా ఏటి వెంబడి ఊరూరా తిరిగారు. మనిషి దొరకలేదు, సంచి దొరకలేదు, చెప్పులైనా దొరకలేదు. కొన్నాళ్ళకు మసీదు పెద్దలు ఇంటికొచ్చి, శవం లేకపోయినా జనాజా నమాజు చదివిద్దామన్నారు. భాభీ తలుపు చాటు నుంచే వద్దంది. ఇంకొన్నేళ్ళకు, చిన్నవయసు, మళ్ళీ నిఖా చేసుకోమని ఆవిడ పుట్టింటి వాళ్ళే వచ్చి బతిమాలారు. ఆయనొస్తే చాయ్ ఎవలు పోస్తరు, అని మాత్రం అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతను పోయాడని మా ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు నోటితో అనలేదు. అంటే నిజమైపోతుందని మాకందరికీ భయం.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే భాభీ అన్నయ్య గ్లాసులో చాయ్ పోసి, సాసరు మూతపెట్టి, ఆ కిటికీలో ఉంచేది. తను మాత్రం చాయ్ ముట్టేది కాదు. చీకటి పడకముందే చల్లారిన చాయ్‌ని పెరట్లో దానిమ్మ మొదట్లో పోసేది. ఆ గ్లాసంటే నాకు చెప్పలేనంత భయం ఉండేది. ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు సాసరు ఎత్తి చూశాను. అడుగున నీటి చుక్కలు పట్టి ఉన్నాయి, ఇప్పుడే ఎవరో ఊపిరి వదిలి వెళ్ళినట్టు. గ్లాసులో చాయ్ కూడా కాస్త తగ్గినట్టనిపించింది. ఆవిరి గురించి ఆ తర్వాత బడిలో ఎంతమంది పిల్లలకు పాఠం చెప్పానో. అయినా ఈ వయసులో కూడా ఆ వేళకు ఆ కిటికీ ముందు నుంచి నడవాలంటే నా అడుగు తడబడుతుంది.

ఇంతకీ తెల్ల చాయ్ సంగతి. పిల్ల నీళ్ళు మరగనిచ్చి, దించి, పొంగు చల్లారేదాకా ఆగి, గాజుగ్లాసులో మొగ్గల మీద మెల్లగా పోసింది. ఇంట్లో ఉన్న సాసరే మూతపెట్టింది. మొగ్గలు కొన్ని పైకి తేలి, మళ్ళీ ఒక్కొక్కటే నిటారుగా కిందికి దిగాయి. భాభీ అలవాటు చొప్పున గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తింది. నేనూ కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రంగు రాలే, ఇంకా జరసేపు ఆగుదాం, అంది భాభీ. ఆగాం. మళ్ళీ ఎత్తి చూశాం. చాయ్‌పత్తీ వ్యాపారస్తుల ఇంటి ముసలివాళ్ళం ఇద్దరం ఆ గ్లాసుకు కాపలా కూర్చున్నాం. చివరికి పిల్లే నెత్తి కొట్టుకుని, ఇది ఎప్పుడో అయిపోయింది పెద్దమ్మా, దీనికి రంగు రాదు, ఇంకా ఎంతసేపు చూస్తరు, అంది.

భాభీ చేయి ఒక్క క్షణం అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత గ్లాసు దించి, సాసరును ఒక పక్కగా కొద్దిగా లేపింది. ఆ వాసన నాకూ వచ్చింది. ఎండిన గడ్డి, దాని కింద తేనె, ఇంకా లోపల ఎక్కడో ఎండిన ఇప్పపూలు. గదిలో మేం ముగ్గురమే ఉన్నామని తెలిసి కూడా తల తిప్పి గుమ్మం వైపు చూశాను.

భాభీ ఆ ఆవిరిలో మొహం పెట్టి కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికో కళ్ళు తెరిచి, పిల్ల ఉందని కూడా చూడకుండా నన్ను అడిగింది.

"ఆయన పోయిండు గదా?"

ఆ ఇంట్లో ఆ మాట వినడం నాకదే మొదలు. కాదందామనుకున్నాను, తెలియదందామనుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఈ గోడల మధ్య మేమందరం ఆ రెండు మాటల మధ్యే తిరిగాం.

"అవ్ భాభీ," అన్నాను.

ఆవిడ తలూపింది. తర్వాత ఆ చాయ్ తాగింది. గుక్కకు గుక్కకూ ఆగుతూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. అవే మొగ్గల మీద మళ్ళీ నీళ్ళు పోయొచ్చని పిల్ల చెబితే, పోయమని గ్లాసు చాపింది. రెండోసారి పోసిన దాంట్లో తీపి ఇంకాస్త పైకి వచ్చింది. ఆ శుక్రవారం మసీదులో అన్నయ్య పేరు మీద దువా చేయించాం. అన్నయ్యను ఆ రోజుల్లో ఎరిగినవాళ్ళు అక్కడ ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఇప్పుడు అడవి దారుల్లో కూడా ఫోన్లు మోగుతున్నాయి. మనిషి గంట ఆలస్యమైతే నాలుగు చోట్ల నుంచి కబురు తెలుస్తుంది. కబురు లేకుండా ఒక మనిషి పోవడమంటే ఏమిటో ఈ పిల్లలకు చెప్పినా అర్థం కాదు, కానవసరమూ లేదు. అబ్బా దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. సరుకును వెలుగుకు ఎత్తి చూసేవాళ్ళు ఎవరూ లేరు. అసర్ వేళకు మా కిటికీ ఖాళీగా ఉంటోంది. భయం పోవాలి కదా, పోలేదు. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్న మనిషెవరో చెప్పకుండా లేచి వెళ్ళిపోయినట్టు ఉంటోంది. నిన్న ఉండబట్టలేక అన్నయ్య గ్లాసు దించి, తుడిచి, డబ్బాలో మిగిలిన నాలుగు మొగ్గలూ వేసి నీళ్ళు పోసి, సాసరు మూతపెట్టి ఆ కిటికీలోనే ఉంచాను. నమాజు చదివే జానమాజు చాప మడుస్తూ భాభీ చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. దగ్గరికొచ్చి సాసరు తీసి పక్కన పెట్టి, గ్లాసు నా చేతికిచ్చింది.

"సల్లారకముందే తాగు," అంది.